తిరిగొచ్చినవాడికి వరుసలో చోటు

నాలుగు నెలల క్రితం ఒక శుక్రవారం మా పేట మసీదుకు ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. లారీలకు బాడీ కట్టే షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. వుజూ చేసే కుళాయిల దగ్గర పక్కవాడి చేతుల వైపు చూసి, ఆయన ఏది ముందు కడిగితే అది ముందు కడిగాడు. జుమా నమాజు అయ్యాక కూడా లేవకుండా కూర్చున్నాడు. జనం పలచబడ్డాక ఒక పెద్దాయన పక్కకు జరిగి మెల్లిగా అడిగాడు: "ఇరవై రెండేళ్లుగా నమాజు చదవలేదు సాబ్. ఇప్పుడు మొదలుపెడితే ఆ పాతవన్నీ ఏమవుతాయి?"

ఆయన మెల్లిగా అడిగినదానికి జవాబు గట్టిగా వచ్చింది. "ఇరవై రెండేళ్లా! ఆ బాకీ అంతా పెట్టుకుని ఇవాళ్టిది ఒకటి చదివితే ఏం లాభం?" ఇంకొకాయన నెత్తిన టోపీ లేదన్నాడు. మరొకాయన, ఇన్నేళ్లు ఎక్కడున్నావు భాయ్ అని నవ్వాడు. ఆ మనిషి కూడా వాళ్లతో కలిసి నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. తరువాతి శుక్రవారం రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

మేము అక్కడే, రెండు బారల దూరంలో ఉన్నాం. నోరు విప్పలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో కలగజేసుకోవడం ఎందుకులే అనుకున్నాం. ఆ మౌనం మమ్మల్ని నాలుగు నెలలుగా నిలదీస్తోంది. అందుకే ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాం.

తప్పిపోయిన విధులు మనలో చాలామందికి ఉన్నాయి. కొందరికి నమాజులు, కొందరికి రోజాలు, మరికొందరికి జకాత్. ఎవరి మూట వారికే తెలుసు. ఆ మూట ఎత్తుకుని ఒక మనిషి దేవుని ఇంటికి తిరిగొచ్చినప్పుడు లోపల ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మనం కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. మదీనా మస్జిదులో, ప్రవక్త (స) సమక్షంలోనే ఇది జరిగింది.

హిజ్రీ 9వ సంవత్సరం, అంటే క్రీస్తుశకం 630. తబూక్ ప్రయాణానికి పిలుపు వచ్చింది. మండు వేసవి, దూర ప్రయాణం, తోటల్లో పండ్లు పక్వానికొచ్చిన కాలం. కఅబ్ బిన్ మాలిక్ (రజి) మదీనా వాసి. అఖబా ప్రమాణంలో పాల్గొన్న తొలితరం విశ్వాసి. ఆ రోజుల్లో ఆయనకు లేమి కూడా లేదు. అంతకుముందెన్నడూ ఆయన దగ్గర రెండు ఒంటెలు ఉండలేదు, అప్పుడున్నాయి. ప్రయాణానికి సిద్ధం కావాలని పొద్దున్నే బయల్దేరేవారు, సాయంత్రానికి ఏ పనీ కాకుండా ఇంటికొచ్చేవారు. ఎప్పుడనుకుంటే అప్పుడు చేయగలను కదా అని మనసు సర్దిచెప్పేది. సైన్యం కదిలిపోయింది. ఒకటి రెండు రోజుల్లో వెళ్లి కలుస్తానులే అనుకున్నారు. అదీ కాలేదు. ఆఖరికి వీధిలోకి వస్తే కనబడేది కపటులుగా పేరుపడ్డవారు, లేదంటే నిజంగానే కదలలేని బలహీనులు.

ఇది చదువుతుంటే మన సంగతే చెబుతున్నట్టు లేదూ? నమాజు మానినవాళ్లలో ఎక్కువమంది ఒక రోజు కూర్చుని, ఇక చదవను అని తీర్మానించుకుని మానినవారు కాదు. ఈ పూటకు పని ఉంది, రేపటి నుంచి అనుకున్నవారే. రమజాను నుంచి మొదలుపెడతాననుకున్నవారు, అమ్మాయి పెళ్లి కాగానే అనుకున్నవారు, గల్ఫ్ నుంచి వచ్చాక అనుకున్నవారు. అవిశ్వాసం కన్నా వాయిదాయే ఎక్కువ ఇళ్లను ఖాళీ చేసింది.

ప్రవక్త (స) తిరిగి రాగానే వెనక ఉండిపోయినవారు ఎనభై మందికి పైగా వచ్చి తలా ఒక సాకు చెప్పారు. పైకి చెప్పిన మాటను ప్రవక్త (స) స్వీకరించి, లోపలి సంగతి అల్లాహ్‌కు వదిలేశారు. కఅబ్ (రజి) మాటకారి. ఆయన కూడా ఒక సాకు అల్లగలిగేవారే. కానీ తనకు ఏ అడ్డంకీ లేదని, ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా, స్తోమతుతో ఉన్నానని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. అల్లాహ్ నిర్ణయం వచ్చేదాకా ఆగమన్నారు ప్రవక్త (స). మురారా బిన్ రబీ, హిలాల్ బిన్ ఉమయ్యా (రజి) కూడా అలాగే నిజం చెప్పారు. ఈ ముగ్గురితో ఎవరూ మాట్లాడకూడదని ఆదేశం వెలువడింది.

యాభై రోజులు! తక్కిన ఇద్దరూ ఇంట్లో కూర్చుని ఏడ్చారు. కఅబ్ (రజి) మాత్రం బజారుకు వెళ్లేవారు, మస్జిదుకు వచ్చేవారు. సలాం చెబితే జవాబు రాదు. ప్రవక్త (స)కు దగ్గరగా నిలబడి నమాజు చేస్తూ, తన వైపు చూస్తున్నారేమోనని ఓరకంట గమనించేవారు. ప్రాణమిత్రుడైన పినతండ్రి కొడుకు అబూ ఖతాదా (రజి) తోట గోడ ఎక్కి దిగి పలకరిస్తే ఆయనా మాట్లాడలేదు. గస్సాన్ రాజు నుంచి ఉత్తరం వచ్చింది, మా దగ్గరకొస్తే ఆదరిస్తామని. ఆ ఉత్తరాన్ని పొయ్యిలో వేశారు కఅబ్ (రజి). ఇంత జరిగినా ఆయన మస్జిదుకు రావడం మానలేదు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోదగ్గది.

యాభయ్యో రోజు ఫజ్ర్ తరువాత ఆయన ఇంటి కప్పుమీద కూర్చుని ఉండగా సల్అ కొండ మీది నుంచి ఒక కేక వినిపించింది, కఅబ్‌కు శుభవార్త అని. క్షమాపణ దిగివచ్చింది. దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 118వ ఆయత్‌లో ఆ ముగ్గురి ప్రస్తావన ఈనాటికీ మనం పారాయణం చేస్తున్నాం. వార్త తెచ్చినవాడికి కఅబ్ (రజి) తన ఒంటిమీది రెండు వస్త్రాలూ ఇచ్చేశారు. వేరే బట్టలు లేక అరువు తెచ్చుకుని కట్టుకుని మస్జిదుకు పరుగెత్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. మస్జిదులో ప్రవక్త (స) చుట్టూ జనం కూర్చుని ఉన్నారు. కఅబ్ (రజి) లోపలికి రాగానే తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) లేచారు. పరుగున ఎదురొచ్చి చెయ్యి కలిపి అభినందించారు. ముహాజిర్లలో ఆయన ఒక్కరే అలా లేచారట. ఎన్నో ఏళ్ల తరువాత, చూపు పోయి, కొడుకు చెయ్యి పట్టుకుని నడిచే ముసలితనంలో కఅబ్ (రజి) ఈ కథ అంతా చెబుతూ, తల్హా చేసిన ఆ పని తానెన్నటికీ మరువలేదన్నారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ సుదీర్ఘ హదీసు ఉంది. క్షమాపణ ఆకాశం నుంచి వచ్చింది, ప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగిపోయింది. అయినా ఒక సాటి మనిషి లేచి నాలుగడుగులు ఎదురు రావడం ఆయన గుండెలో విడిగా నిలిచిపోయింది.

మా పేట మసీదులో ఆ రోజు అలా లేచినవారు ఒక్కరూ లేరు.

ఆ ముగ్గురితో మాట్లాడవద్దన్న ఆదేశాన్ని చూపించి కొందరు, తప్పు చేసినవాణ్ణి మందలించే హక్కు మాకుంది కదా అంటారు. ఆ నిర్ణయం ప్రవక్త (స)ది. వహీ దిగివస్తున్న కాలంలో, ముగ్గురి విషయంలో జరిగింది. దాన్ని మన పేట పెద్దలు చేతిలోకి తీసుకోవడానికి వీల్లేదు. పైగా ఆ యాభై రోజుల్లో అక్కడ జరిగింది మౌనం. ఎగతాళి చేసినట్టు కఅబ్ (రజి) ఎక్కడా చెప్పలేదు. మన దగ్గర మౌనమే తక్కువ.

మస్జిదులో పల్లెవాసి ఒకడు తెలియక మూత్రం పోస్తే, మీద పడబోయిన జనాన్ని ఆపి, అతని పని అతన్ని కానివ్వమని, తరువాత బొక్కెనతో నీళ్లు పోయించినవారు మన ప్రవక్త (స). రమజాను పగటిపూట భార్యతో కలిసి, నాశనమయ్యానంటూ వచ్చిన మనిషి సంగతీ అందరికీ తెలిసిందే. దానికి పరిహారం బానిసను విముక్తి చేయడం, లేదా వరుసగా రెండు నెలల ఉపవాసం, లేదా అరవై మంది పేదలకు భోజనం. మూడూ తనవల్ల కాదన్నాడు. ఇంతలో ఎవరో ఖర్జూరాల బుట్ట తెస్తే, ఇది తీసుకెళ్లి దానం చేయమన్నారు. మదీనా మొత్తంలో నా ఇంటిని మించిన పేద ఇల్లు లేదు కదా అన్నాడతను. ప్రవక్త (స) పళ్లు కనిపించేలా నవ్వి, నీ ఇంటివాళ్లకే పెట్టమన్నారు. శిక్ష పడుతుందని భయపడి వచ్చినవాడు ఖర్జూరాల బుట్టతో ఇంటికెళ్లాడు.

అయితే ఆ వెల్డింగు పనివాడి ప్రశ్న అలాగే ఉంది. పాతవి ఏమవుతాయి? ఆదరించి కూర్చోబెట్టినంత మాత్రాన ప్రశ్న మాయం కాదు. జవాబు చెప్పాలి.

నిద్రవల్లనో మరుపువల్లనో తప్పిన నమాజు గుర్తురాగానే చదవాలన్నది తిరుగులేని ఆదేశం. అది ప్రవక్త (స) జీవితంలోనే జరిగింది. ఖైబర్ నుంచి తిరిగొస్తుండగా ఒక రాత్రి కాపలా ఉండమని బిలాల్ (రజి)కు అప్పగించి అందరూ నిద్రపోయారు. బిలాల్ (రజి) కూడా ఒంటెకు ఆనుకుని కునుకు తీశారు. సూర్యుడు మీదికొచ్చాకగాని ఎవరికీ మెలకువ రాలేదు. ఎవరినీ తిట్టలేదు. ఆ చోటు వదిలి కొంత ముందుకెళ్లి జమాత్‌గా ఫజ్ర్ నెరవేర్చారు. అంతకుముందు హిజ్రీ 5లో కందక యుద్ధంలో శత్రువుల ఒత్తిడివల్ల అస్ర్ తప్పితే సూర్యాస్తమయం తరువాత అస్ర్ చదివి, ఆపై మగ్రిబ్ చదివారు.

మరి కావాలని వదిలేసినవాడి సంగతి? ఇక్కడ పండితుల్లో భేదం ఉంది, దాచిపెట్టాల్సిన పని లేదు. హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ నాలుగు మార్గాల్లోని అత్యధికులు ఇవి దేవునికి మనం పడ్డ అప్పు అనీ, ఖజా చదివి తీర్చాల్సిందేననీ అన్నారు. మరుపువల్ల తప్పినదానికే ఖజా ఉంటే, తెలిసి వదిలినదానికి ఇంకెంత ఉండాలన్నది వారి వాదం. తల్లి ఉపవాసాలు బాకీపడి మరణించిందని అడిగినవారికి, ఆమెకు మనుషుల అప్పు ఉంటే తీర్చవా, దేవుని అప్పు అంతకన్నా ముందు తీర్చదగ్గది అన్న భావంతో ప్రవక్త (స) జవాబివ్వడం కూడా వారికి ఆధారం. ఇమాం ఇబ్నె హజం (994–1064), ఇమాం ఇబ్నె తైమియా (1263–1328) మాత్రం, వేళ దాటించి కావాలని వదిలినదాన్ని ఖజా పూడ్చలేదనీ, అలాంటివాడు మనసారా తౌబా చేసి నఫిల్ నమాజులు, సత్కార్యాలు పెంచుకోవాలనీ అన్నారు. మన దేశంలో అహ్లె హదీస్ సోదరులు చాలామంది ఈ మాటే చెబుతారు.

ఇద్దరిలో ఎవరిది సరైనదో తేల్చే పాండిత్యం మాకు లేదు. ఎవరు ఏ ఉలమాను అనుసరిస్తున్నారో ఆయన్నే అడగాలి. కానీ ఒక్క మాట. ఈ రెండు పక్షాల్లో ఏ ఒక్కరూ ఇవాళ్టి నమాజును ఆపమనలేదు. పాత బాకీ తీరేదాకా కొత్తది చెల్లదని ఎవరూ అనలేదు. హనఫీ ఫిఖ్‌లో ఒక వరుస నియమం ఉన్న మాట నిజమే. ఆరు నమాజుల కన్నా తక్కువ తప్పినవాడు వాటిని ముందు చదివి, తరువాతే వేళ నమాజు చదవాలి. ఆరు దాటితే ఆ నియమం రద్దవుతుంది. ఇరవై రెండేళ్లు తప్పినవాడికి అది వర్తించనే వర్తించదు. ఆ పెద్దాయన సగం విన్న మసలాను ఒక మనిషి మెడకు కట్టి పంపించారు.

తీర్చాలనుకునేవారు లెక్క చూడండి. రోజుకు ఫర్జ్ 17 రకాతులు, హనఫీల ప్రకారం వాజిబ్ అయిన విత్ర్ 3. మొత్తం 20. సున్నతులకు ఖజా అక్కర్లేదు. ఇరవై రెండేళ్లంటే 8,030 రోజులు, 1,60,600 రకాతులు. ఈ అంకె వింటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. అదే అంకెను ఇంకోలా చెప్పవచ్చు. ప్రతి నమాజుతో పాటు అదే వేళ పాత నమాజు ఒకటి కలపండి. ఫజ్ర్‌తో ఒక పాత ఫజ్ర్, రెండు రకాతులు. మగ్రిబ్‌తో ఒక పాత మగ్రిబ్, మూడు రకాతులు. రోజు మొత్తం మీద అరగంట, ముప్పావు గంట అదనం. సూర్యుడు ఉదయించే వేళ, నడినెత్తిన ఉండే వేళ, అస్తమించే వేళ తప్ప ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఏ తారీఖుదో గుర్తుండదు కనుక, నా మీద ఉన్న ఫజ్ర్‌లలో మొదటిది అని సంకల్పం చేసుకుంటే చాలునంటారు ఉలమా. ఇల్లు కట్టుకోవడానికి ఇరవై ఏళ్ల వాయిదాల మీద అప్పు తీసుకోవడానికి మనకు భయం లేదు కదా!

ఇంకో జాగ్రత్త. ఇది ఇంట్లో చదువుకోవడం మేలు. తన పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే తానే నలుగురిలో విప్పుకోవడం మంచిది కాదని మనకు నేర్పారు. అందుకే, ఎన్నేళ్ల నుంచి మానేశావు అని నలుగురిలో అడిగే అధికారం ఎవరికీ లేదు. అడిగినవాడు ఎదుటివాడి ముసుగు లాగుతున్నాడు.

మన దగ్గర ఒక దగ్గరి దారి కూడా ప్రచారంలో ఉంది. రమజాను చివరి శుక్రవారం, జుమతుల్ విదా నాడు, 'ఖజాయె ఉమ్రీ' పేరుతో నాలుగు రకాతులు చదివితే జీవితకాలపు బాకీ అంతా మాఫీ అవుతుందని చిన్న చిన్న కరపత్రాలు పంచేవారు. ఇప్పుడవి సెల్‌ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ రోజు హైదరాబాదు మక్కా మస్జిదులో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. కడపలో, కర్నూలులో, గుంటూరులో కూడా పెద్ద మసీదులు నిండి వీధుల్లోకి వరుసలు వస్తాయి. అంతమంది రావడం సంతోషమే. కానీ ఆ నాలుగు రకాతుల మాట కల్పితమని హదీసు పండితులు ఏనాడో చెప్పారు. ముల్లా అలీ ఖారీ దాన్ని కల్పిత హదీసుల కోవలో చేర్చారు. లక్నోకు చెందిన మౌలానా అబ్దుల్ హయ్ (1848–1886), హనఫీ పండితులే, ఆ చివరి శుక్రవారపు కొత్త పోకడలను ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. అయినా ఆ మాట చావలేదు. ఎందుకంటే వాయిదాల లెక్క కూర్చుని చెప్పేవాడు లేని చోట, ఒక్క పూటలో అంతా మాఫీ అనేవాడి మాటే చెల్లుతుంది. ఆ కరపత్రం నమ్మినవాణ్ణి మాత్రం మేము తప్పుపట్టం. వాడు తీర్చాలనే కదా చూస్తున్నాడు.

ఈ సందర్భంలో ఆడవాళ్ల గురించి చెప్పకుండా ఉండలేం. మస్జిదు దగ్గర జరిగే మాటల్లో వాళ్ల బాకీ ఎప్పుడూ రాదు. నెలసరి రోజుల్లో తప్పిన నమాజులకు ఖజా లేదు, అవి మాఫీ. రోజాలకు మాత్రం ఉంది. ఆయిషా (రజి) దీన్ని స్పష్టంగా చెప్పారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు హాని భయం ఉంటే ఉపవాసం వాయిదా వేసే వెసులుబాటు ఉంది. తరువాత తీర్చాలి. ఒక ఇల్లాలి లెక్క చూడండి. ఏటా ఆరేడు రోజుల చొప్పున పాతికేళ్లకు నూట డెబ్బై దాకా. కాన్పులు, పాలిచ్చిన రోజులు కలిపి నాలుగు రమజానులు పోయాయనుకుంటే ఇంకో నూట ఇరవై. దాదాపు మూడు వందల రోజాలు ఆ తల్లి గుండెలో మౌనంగా మూలుగుతుంటాయి. అన్నదమ్ముల ముందు సిగ్గుపడి, ఉపవాసం లేని రోజు కూడా ఉన్నట్టు నటించే ఆడపిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు.

రమజానులో అయితే సహరీకి ఇల్లంతా లేస్తుంది. ఖజా రోజాకు ఎవరు లేస్తారు? ఆమె ఒక్కతే చీకట్లో లేచి, గిన్నె చప్పుడు కాకుండా రాత్రి మిగిలిన అన్నం తిని, పగలంతా ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, సాయంత్రం వంటింట్లో నిలబడే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది. అమ్మీ ఎందుకు తినలేదని అడిగేవాడు ఉండడు. ఆయిషా (రజి) అంతటివారే తన మీద ఉన్న రమజాను రోజాలను షాబాన్ నెల వచ్చేదాకా తీర్చడానికి వీలు పడేది కాదన్నారు. ఇంటి బాధ్యతల మధ్య ఆలస్యం కావడం ఆడవాళ్లకు కొత్త కాదు, నేరమూ కాదు. వారానికి రెండు చొప్పున ఉంటే మూడు వందల రోజాలు మూడేళ్లలోపు తీరతాయి. పొద్దు చిన్నదయ్యే శీతాకాలంలో ఇంకా సులువు. ఇందులో భర్త చేయగలిగిన పని ఒకటుంది. ఆ రెండు రోజులూ తానే ముందు లేచి స్టవ్వు వెలిగించడం. ఆ సాయంత్రం ఆమెను వంటింట్లోంచి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం. ఇది చదివే భర్తలు కొంచెం ఆలోచించండి.

జకాత్ సంగతి క్లుప్తంగా చెబుతాం. ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి అనే లెక్క పాత తులానిది, అంటే 11.664 గ్రాములది. ఇప్పుడు దుకాణాల్లో తులమంటే పది గ్రాములు. కాబట్టి 87.48 గ్రాముల బంగారం, 612.36 గ్రాముల వెండి అని గ్రాముల్లోనే గుర్తుపెట్టుకోండి. ఇవ్వని ఏళ్ల జకాత్ కన్నీళ్లతో కొట్టుకుపోదు. ఏడాదికేడాది లెక్కగట్టి నూటికి రెండున్నర చొప్పున ఇవ్వాలి. అది పేదవాడి సొమ్ము, మన దగ్గర ఆగి ఉంది, అంతే.

అన్నిటికన్నా బరువైన బాకీ గురించి మసీదుల్లో అందరికన్నా తక్కువ మాట్లాడతాం. అక్కచెల్లెళ్ల ఆస్తి వాటా. కొడుక్కి ఇద్దరు కూతుళ్ల వాటాకు సమానమని నిసా సూరా 11వ ఆయత్ చెప్పింది. అంటే కూతురికి కొడుకు వాటాలో సగం ఖాయంగా ఉంది. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో అది ఆమె చేతికి అందింది? పెళ్లికి ఖర్చుపెట్టాం కదా అంటారు. పుట్టింటి దారి మూసుకుపోతుందన్న భయంతో ఆమె నోరు విప్పదు. ఇంకా మెహర్ ఉంది. బతికున్నన్నాళ్లూ ఇవ్వకుండా, జనాజా లేచే ముందు ఏడుస్తున్న భార్యను పట్టుకొచ్చి, మాఫ్ చేశానని చెప్పు అని నలుగురూ అడగడం మన కళ్లతో చూశాం. ఆ స్థితిలో ఏ ఆడది కాదంటుంది? మనుషుల హక్కు మనుషులే వదలాలి, తౌబాతో అది పోదు. ఇరవై రెండేళ్ల నమాజులు తప్పిన ఆ వెల్డింగు మనిషిని చూసి నవ్విన మొదటి వరుసలో చెల్లెలి వాటా తిన్నవారు ఎందరున్నారో మాకు తెలియదు. ఉన్నారని మాత్రం తెలుసు.

తెలుగు మాట్లాడే మన ముస్లిములకు ఇంకొక ఇబ్బంది ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో, పల్లెల్లో స్థిరపడిన చాలా ఇళ్లలో తెలుగే ఇంటి భాష. మసీదులో బయాన్ ఉర్దూలో సాగుతుంది. చిన్నప్పుడు ఎవరూ నేర్పక, పెద్దయ్యాక అడగడానికి సిగ్గుపడి, సూరాలు రాక నమాజు వదిలేసినవారు మాకు డజన్లకొద్దీ తెలుసు. వాళ్లు తిరుగుబాటు చేసినవాళ్లు కారు, బిడియపడినవాళ్లు. ఖుర్ఆన్ ఏమీ కంఠతా రావడం లేదని ఒకాయన వచ్చి చెప్పుకుంటే ప్రవక్త (స) దేవుని స్తుతించే నాలుగు చిన్న మాటలు నేర్పించి, ప్రస్తుతానికి అవి చాలన్నారు. శుక్రవారం పది నిమిషాలు తెలుగులో చెప్పడానికి, ఇషా తరువాత పెద్దవాళ్లకు ఫాతిహా దిద్దించడానికి మన కమిటీలు ఒప్పుకోవాలి. మసీదు గోడలకు పాలరాయి పరిచే డబ్బుతో పోలిస్తే దానికయ్యే ఖర్చు ఎంత?

మాకు పరిచయమున్న ఒక రిటైర్డు ఆర్టీసీ కండక్టరు ఉన్నారు. డెబ్బై దాటాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డ్యూటీ పేరుతో జుమా, ఈద్ తప్ప పెద్దగా చదవలేదు. రిటైరయ్యాక మసీదులో ఒక బట్టల కొట్టు యజమాని ఆయన్ను ఇంటికి తీసుకెళ్లి, చాయ్ ఇచ్చి, పెన్సిలుతో లెక్క రాయించారు. ముప్పై ఏళ్లని తేలింది, 10,950 రోజులు. రోజుకు రెండు రోజుల ఖజా చదువుతానన్నారు కండక్టరు గారు. గీతల నోటుబుక్కు కొని, టికెట్ల లెక్క రాసినట్టు ఏ రాత్రికారాత్రి రాశారు. జ్వరాలొచ్చాయి, కంటి ఆపరేషనైంది, మధ్యమధ్య గీతలు ఖాళీగా ఉన్నాయి. పన్నెండేళ్లకు ఇంకా మూడు వేల చిల్లర మిగిలింది. ఇది తీరకముందే నేను పోతానేమో అని అడిగితే, మా ఇమాం గారు, మిగిలినవాటికి ఫిద్యా ఇవ్వమని ఆస్తిలో మూడోవంతు మించకుండా వీలునామాలో రాసిపెట్టుకోండి, మిగతాది అల్లాహ్ కరుణ అన్నారు. ఆయన రాశారు. నోటుబుక్కు మాత్రం ఆపలేదు.

మేము ఆ పుస్తకం చూసిన రోజే ఇంకో వంద పేజీల గీతల పుస్తకం కొన్నాం. మొన్న సోమవారం ఆ లారీ షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాం. ఆయన ముసుగు అద్దం పైకెత్తి మమ్మల్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆ రోజు మేము ఏం మాట్లాడాం గనక! ఆ శుక్రవారం మేమూ అక్కడున్నామని, ఏమీ అననందుకు క్షమించమని చెప్పాం. "అయ్యో, మీరేం చేశారు సాబ్" అన్నాడు. టీ తెప్పించాడు. నోటుబుక్కు సంగతి చెప్పి, వరుస నియమం గురించి ఆయనకు చెప్పింది సరికాదని, ఇవాళ్టి నమాజుకు పాత బాకీ అడ్డం కాదని వివరించాం. చేతులకున్న మసి అంటకుండా రెండు వేళ్లతో పుస్తకం పట్టుకుని చాలాసేపు ఖాళీ పేజీలు తిప్పాడు. ఫాతిహా సగమే గుర్తుందన్నాడు. మిగతా సగం ఎవరైనా నేర్పితే నేర్చుకుంటానన్నాడు.

ఈ పేజీ మీ చేతికందే రోజు శుక్రవారం. ఈ వారం వస్తానని ఆయన మాటిచ్చాడు. కండక్టరు గారితో, ఇమాం గారితో ముందే మాట్లాడి ఉంచాం.